మోకాలి కుదురు (మెనిస్కస్) చిరిగింది, ఆపరేషన్ మే నెలలో. ఈలోపు ఏది మేలు?

భోగికి ముందురోజు తెల్లవారుజామున వాకిట్లో గొంతుక్కూర్చుని 21 చుక్కల ముగ్గు వేస్తున్నాను. ఇంకొక్క వరస కలిపితే అయిపోతుంది. లేచి జరగడానికి బద్ధకించి, కూర్చున్నపళంగా కుడికాలి మీదే పక్కకి తిరిగాను. లోపల ఏదో కటుక్కుమంది. పెద్ద నొప్పేం లేదు. ముగ్గు పూర్తి చేశాను, రంగులు కూడా అద్దాను. రాత్రికి మోకాలు బరువెక్కింది. మర్నాడు భోగిమంట దగ్గరికి వెళ్దామని లేస్తే కాలు వంగలేదు. మోకాలు లేత బోండాంలా నున్నగా ఉబ్బిపోయి, చిప్ప ఎక్కడుందో కనబడలేదు.

మొదట చూసిన డాక్టరు గారు "ఈ వయసులో మామూలేనమ్మా, గుజ్జు అరుగుతోంది" అని పదిహేను రోజులకి బిళ్లలు రాసిచ్చారు. నాకు 47. తగ్గలేదు. ఫిబ్రవరిలో రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్లి ఎమ్మారై తీయించుకుంటే, అరుగుదల కాదు, చిరుగు అని తేలింది. లోపలివైపు మెనిస్కస్, వెనక కొమ్ము (అంటే దాని వెనకభాగం), గ్రేడ్ 3. గ్రేడ్ 1, గ్రేడ్ 2 అని ఉంటే లోపల మచ్చలాంటి మార్పు మాత్రమే. గ్రేడ్ 3 అంటే ఆ గీత పైపొర దాకా వచ్చిందని. ఈ తేడా తెలియక గ్రేడ్ 2 రిపోర్టు పట్టుకుని నిద్ర మానేసినవాళ్లు మా స్టాఫ్ రూములోనే ఇద్దరున్నారు.

సర్జన్ గారు చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్ చెప్పారు. "కాలు లాక్ అవడం లేదు కాబట్టి ప్రాణం మీదికేం రాలేదు, బడికి సెలవులిచ్చాక మేలో చూద్దాం" అన్నారు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెబుతాను. ఆ మూడు నెలలూ ఎలా గడపాలన్నది ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. బయటికొచ్చాక మాత్రం చెప్పనివాళ్లు లేరు. ఎవరి మాట ఎంతవరకు పనికొచ్చిందో రాస్తున్నాను.

ముందు ఈ మెనిస్కస్ ఏమిటో చెప్పాలి. కుండ అడుగు గుండ్రంగా ఉంటుంది కదా, నేలమీద పెడితే దొర్లుతుంది. అందుకని కింద కుదురు పెడతాం. తొడ ఎముక చివర కూడా గుండ్రమే, కాలి ఎముక పైభాగం దాదాపు చదును. మధ్యలో లోపలివైపొకటి, బయటివైపొకటి చంద్రవంక ఆకారంలో రెండు కుదుళ్లుంటాయి. బరువు పంచేవీ, ఎముక జారకుండా ఆపేవీ అవే. మనం గుజ్జు అనేది ఎముక చివర అంటుకుని ఉండే నున్నటి పూత, అది వేరే. కుదురు బయటి అంచుకి రక్తం అందుతుంది, అక్కడ చిరిగితే అతుక్కునే ఆశ ఉంటుంది. లోపలి అంచుకి రక్తం అందదు. ఆకుపసర్లు రాసినా, బిళ్లలు మింగినా అక్కడ అతుకు పడదు. అంటే ఈ మూడు నెలల్లో నేను చేయగలిగింది చిరుగుని మాన్పడం కాదు. వాపు తగ్గించుకోవడం, నొప్పి ఓర్చుకునేలా చూసుకోవడం, తొడ కండ పోకుండా కాపాడుకోవడం, అంతే.

అమలాపురంలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒక పని చెప్పింది. బట్టలు కుట్టే టేపు తీసుకుని, రోజూ మంచం దిగకముందే చిప్ప నడిమధ్యన మోకాలి చుట్టుకొలత తీసి రాసుకోమంది. వారానికోసారి చిప్పకి జానెడు పైన తొడ కొలత కూడా. "మేడమ్, నిన్న చేసిన పనికి ఇవాళ పొద్దున్న వాపు పెరిగితే ఆ పని ఎక్కువైనట్టు. పెరగకపోతే మోకాలు ఒప్పుకున్నట్టు." లెక్కల టీచరుకి ఇంతకంటే ఏం కావాలి! పాత లెసన్ ప్లాను పుస్తకం వెనక నుంచి మొదలుపెట్టాను. మొదటి రోజు అంకెలు: కుడి 40½ సెంటీమీటర్లు, ఎడమ 37½.

ఐసా, కాపడమా?

మా అత్తయ్యగారి వైద్యం జిల్లేడాకు. ఆకుకి ఆముదం రాసి, పెనం మీద వెచ్చచేసి మోకాలికి కట్టడం. అది లేకపోతే ఉప్పు మూట. "ఐసు పెడితే వాతం పట్టేస్తుందే, తర్వాత ఏడుస్తావు" అనేది ఆవిడ మాట. ఫిజియో అమ్మాయి ఐసే అంది. ఇంట్లో ఇద్దరి మధ్యా నలగడం ఎందుకని ఒక వారం ఉప్పు మూట, ఒక వారం ఐసు అని ఒప్పందం చేసుకున్నాను.

ఉప్పు మూట హాయిగా ఉంటుంది, అందులో అబద్ధం లేదు. పెట్టినంతసేపూ కళ్లు మూతలుపడతాయి. పొద్దున్న టేపు మాత్రం తగ్గలేదు, రెండు రోజులైతే అర సెంటీమీటరు పెరిగింది కూడా. ఐసు పెట్టిన వారం మొదటి ఐదు నిమిషాలూ పళ్లు బిగబట్టాలి, తర్వాత మొద్దుబారుతుంది. వారం చివరికి 39½. ఒక్క మోకాలి మీద రెండు వారాల లెక్క పెద్ద పరిశోధనేం కాదు, రెండో వారానికి వాపు దానంతటదే తగ్గి ఉండొచ్చు కూడా. కానీ ఉబ్బి, ముట్టుకుంటే వేడిగా ఉన్న కీలుకి ఇంకా వేడి పెట్టడం నాకు సమంజసంగా తోచలేదు. ఇప్పుడు బడి నుంచి రాగానే మోకాలికి ఐసు, రాత్రి బిగుసుకుపోయిన తొడకీ పిక్కకీ ఉప్పు మూట. అత్తయ్యగారి మూట అత్తయ్యగారి చేత్తోనే పెట్టించుకుంటాను, ఆవిడా సంతోషిస్తుంది. జిల్లేడు మాత్రం మాన్పించాను. ఆ పాలు ఒంటికి తగిలితే దద్దురు లేస్తుంది, కంట్లో పడితే మరీ ప్రమాదం.

ఐసుకి ఫ్రిజ్‌లో అచ్చులు చాలవు. రొయ్యల వ్యాపారం చేసే మా మరిది ఒకరోజు థర్మోకోల్ పెట్టె నిండా చితక్కొట్టిన ఐసు తెచ్చి గుమ్మంలో పెట్టాడు. "వదినా, టన్ను కావాలన్నా ఉంది." వాడి ప్రేమకేం గాని, రెండు రోజులు నా మోకాలు రొయ్యల కంపు కొట్టింది. తర్వాత నీళ్లు ప్లాస్టిక్ కవర్లలో పోసి గడ్డకట్టించి, చితక్కొట్టి, తడి తువ్వాల్లో చుట్టి పెడుతున్నాను. చర్మానికి నేరుగా తగలనివ్వకూడదు, 15 నిమిషాలు మించకూడదు. షుగరుతో కాళ్లు తిమ్మిరెక్కినవాళ్లకి చల్లదనం ఎంత కొరికిందో తెలియదు, వాళ్లు డాక్టర్నడక్కుండా ఈ జోలికి పోవద్దు.

క్యాపా, కర్రా?

మందుల షాపుకెళ్లి కాలునొప్పంటే ముందు చేతిలో పెట్టేది మోకాలి క్యాపే. నేనూ కొన్నాను. వేసుకుంటే ధైర్యంగా ఉంటుంది, ఎవరో మోకాలు పట్టుకున్నట్టు. అది పట్టు ఇస్తుందే తప్ప బరువు మొయ్యదు. మార్చి వచ్చేసరికి మన కోనసీమ ఉక్క తెలుసుగా, చెమటకి మడతలో ఒరిసి దురద. రాత్రి వేసుకుని పడుకుంటే పొద్దున్న పిక్క కింద వాపు. ఇప్పుడు బస్సెక్కేటప్పుడూ, మార్కెట్టుకెళ్లేటప్పుడూ తప్ప తీసి పక్కన పడేస్తున్నాను.

కర్ర విషయంలో నెలరోజులు మొండికేశాను. 47 ఏళ్లకి కర్రేమిటి? పరువుగా ఉంటుందని మామగారి పాత వంకీ గొడుగు పట్టుకుని బడికెళ్లాను. దాని ఇనప మొన స్టాఫ్ రూము గచ్చు మీద జర్రున జారింది. పడలేదు, బీరువా పట్టుకున్నాను. ఆ సాయంత్రమే మా వారు అడుగున రబ్బరు బుష్ ఉన్న కర్ర తెచ్చారు. చెయ్యి కిందికి వదిలి నిలబడితే మణికట్టు ఎక్కడికొస్తుందో కర్ర పిడి అక్కడికి రావాలి.

అందరూ చేసే తప్పు నేనూ చేశాను. కుడి మోకాలు నొప్పని కుడిచేత్తో పట్టుకున్నాను. ఫిజియో అమ్మాయి నవ్వి ఎడమచేతికి మార్చింది. నొప్పికాలు నేలమీద పడేటప్పుడే ఎదుటి చేతిలో కర్ర కూడా పడితే, ఆ అడుగు బరువులో కొంత కర్ర తీసుకుంటుంది. ఒకేవైపు పట్టుకుంటే ఒళ్లంతా ఆ వైపుకే వాలిపోతుంది. ఎడమచేతిలోకి మారిన రోజు మేడమీది పదో తరగతి గది దాకా మధ్యలో ఆగకుండా వెళ్లాను. మెట్లకి ఆమె నేర్పిన సూత్రం: ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు. హెడ్మాస్టరు గారిని అడిగితే ఆ క్లాసుని కిందికి మార్చేశారు. ఆ మాట నెల ముందే అడగాల్సింది.

మొదటిరోజు ఆరో తరగతి పిల్లాడొకడు "టీచర్, ఇక నుంచి దీంతో కొడతారా?" అన్నాడు. పరువు గురించిన బెంగ అక్కడితో పోయింది. క్యాపుకీ కర్రకీ పోటీ పెడితే నా ఓటు కర్రకే.

పడుకోవడమా, కదలడమా?

నాకు బాగా నష్టం జరిగింది ఇక్కడే. సంక్రాంతి తర్వాత రెండు వారాలు సెలవు పెట్టి మంచమెక్కాను. మోకాలి కింద రెండు దిళ్లు, చేతిలో ఫోను, అన్నం మంచం దగ్గరికే. నొప్పి నిజంగానే తగ్గింది. లేచి నడవబోతే మాత్రం కాలు నాది కాదన్నట్టు మడతపడిపోయేది. ఫిబ్రవరిలో మొదటిసారి తొడ కొలిస్తే ఎడమ 45, కుడి 42½. మోకాలు ఉబ్బితే తొడ ముందుభాగంలో ఉండే పెద్ద కండరం తనంతట తానే మందగిస్తుందట, ఆపైన వాడకపోతే వారాల్లోనే కరుగుతుంది. మోకాలికి వచ్చే కుదుపుని ముందు కాచేది ఆ కండే. అది పోతే బరువంతా చిరిగిన కుదురు మీదికే.

ఆ దిళ్లు కూడా తప్పేనట. మోకాలు గంటల తరబడి వంగి ఉంటే తర్వాత పూర్తిగా చాచడం కష్టమవుతుంది. పక్కకి తిరిగి పడుకుని రెండు మోకాళ్ల మధ్య ఒక దిండు పెట్టుకుంటే చాలు. ఆ మార్పు చేసినప్పట్నుంచి రాత్రి మెలకువ రావడం సగానికి తగ్గింది.

మొదలుపెట్టిన వ్యాయామాలు మూడే. కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని మంచానికేసి నొక్కి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలడం. కాలు బిర్రుగా చాపి జానెడు ఎత్తి ఆపి మెల్లగా దించడం. మడమని మంచం మీద జరుపుతూ, నొప్పి మొదలయ్యే చోటు దాకా మాత్రమే మోకాలు వంచడం. పదేసి చొప్పున పొద్దునా సాయంత్రం. చెప్పుకోడానికి ఇంతేనా అనిపిస్తుంది, మొదటివారం రెండోది నాలుగుసార్లకి కాలు వణికింది. రెండు వారాల తర్వాత, కొలత పెరగడం లేదని చూసుకుని, కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేవడం కూడా ఫిజియో అమ్మాయి కలిపింది.

నడక సంగతికొస్తే, కాలవగట్టు మీద కంటే తారు రోడ్డు మేలు. గట్టు ఒకవైపు వాలుగా ఉంటుంది, గుంటలో అడుగు పడితే మోకాలు తిరుగుతుంది. నడక కంటే కూడా సైకిలు మేలు, సీటు ఎత్తు పెంచి, ఎదురుగాలి లేనప్పుడు. మా అమ్మాయి పాత సైకిలు మీద పదిహేను నిమిషాలు తొక్కిన మర్నాడు టేపు కదల్లేదు, అరగంట నడిచిన మర్నాడు అర సెంటీమీటరు పెరిగింది.

గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం, ఒంటికాలి మీద తిరగడం మాత్రం పూర్తిగా బంద్. పూజ కుర్చీలో. నేల మరుగుదొడ్డి మీద ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ. ఉగాదికి ముగ్గు మా వారు వేశారు. చుక్కలు సరిగ్గానే పెట్టారు గాని గీతలు ఎక్కడా కలవలేదు.

బరువు మాట కూడా అందరూ అంటారు. కిలో తగ్గితే అడుగడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుందట. లెక్క బాగుంది, కానీ ఆత్రేయపురం పూతరేకులు మా ఊరికి మరీ దగ్గర. మూడు నెలల్లో కిలోన్నర తగ్గాను.

బిళ్లలు, జెల్లు, ఇంజెక్షను

ఇక్కడ నా అనుభవం కంటే జాగ్రత్తే ఎక్కువ రాయాలి. మొదట్లో రాసిచ్చిన బిళ్ల ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిపినది. వాపుకీ నొప్పికీ గట్టిగా పనిచేసింది. పదో రోజుకి కడుపులో మంట, ఎప్పుడూ అదుపులో ఉండే బీపీ పైకి. ఎసిక్లోఫెనాక్ జాతి బిళ్లలకి కడుపు, కిడ్నీ, బీపీ మూడింటి మీదా కన్నుంటుంది. అవి మాని, డాక్టరుని అడిగి ఉత్త పారాసిటమాల్‌కి మారాను. నొప్పి తగ్గడంలో ఇది దానికి సాటి కాదు, వాపుని ముట్టుకోదు. అయినా మూడు నెలల దారికి ఇదే నయమనిపించింది. ఒక్క సంగతి: జలుబు బిళ్లల్లో, ఒంటినొప్పుల బిళ్లల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది. పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు గరిష్ఠం, లివరు బాగోలేనివాళ్లకి ఇంకా తక్కువ. అన్నీ కలిపి లెక్కవేసుకోవాలి. డైక్లోఫెనాక్ జెల్లు పైన రాస్తే రక్తంలోకి చేరేది చాలా తక్కువ కాబట్టి, బడి ఉన్న రోజుల్లో అదీ వాడుతున్నాను. రాసి గట్టిగా మర్దన చేయక్కర్లేదు.

మర్దనంటే గుర్తొచ్చింది. పక్కవీధి పిన్నిగారు "కీలు జారింది, పలానా ఊళ్లో లాగి సరిచేస్తారు" అని మూడుసార్లు చెప్పారు. జారింది కీలైతే కదా లాగడానికి! చిరిగినదాన్ని మెలితిప్పితే చిరుగు పెద్దదవుతుంది. ఆవిడకి కాఫీ ఇచ్చి పంపించాను.

స్టెరాయిడ్ ఇంజెక్షను అడిగితే సర్జన్ గారే వద్దన్నారు. కొన్ని వారాలు హాయిగా ఉంటుంది గాని, ఆపరేషన్‌కి దగ్గర్లో వేయించుకుంటే కీలులో ఇన్ఫెక్షన్ ప్రమాదం పెరుగుతుంది. షుగరున్నవాళ్లకి కొన్ని రోజులు షుగరు కూడా ఎగబాకుతుంది. ఆపరేషన్ ఖాయం కానివాళ్ల లెక్క వేరు.

బస్సా, ఆటోనా, స్కూటీనా?

ఆడవాళ్లకి బస్సు ఉచితమయ్యాక పల్లెవెలుగులో నిలబడడానికి చోటుంటే గొప్ప, పైగా మొదటి మెట్టు ఎత్తు. షేర్ ఆటోలో మోకాళ్లు మడిచి ఇరుక్కోవాలి, దిగేటప్పుడు కాలు తిప్పక తప్పదు. స్కూటీ మీద వెనక కూర్చోవడం మేలు, మా వారు గోతులు చూసి నడిపితే. అన్నిట్లోకీ ముందుసీటులో కాలు చాపుకునే కారే సుఖం, మాకు కారు లేదు.

అసలు ఆపరేషన్ కావాలా?

ఇది ఆలస్యంగా మొదలైన ప్రశ్న. ఫిన్లాండ్‌లో 2013లో ఒక పరీక్ష చేశారు. వయసుతో వచ్చిన ఇలాంటి చిరుగులున్న 146 మందిలో కొందరికి చిరిగిన ముక్క కత్తిరించారు, కొందరికి రంధ్రాలు పెట్టి లోపల ఏమీ చేయకుండా కుట్టేశారు. ఏడాది తర్వాత నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నార్వేలో 2016లో 140 మందిని ఆపరేషన్, పన్నెండు వారాల వ్యాయామం అని రెండు జట్లు చేస్తే, రెండేళ్ల తర్వాత ఇద్దరూ ఒకచోటే ఉన్నారు. వ్యాయామం జట్టులో 19 శాతం మంది మాత్రం మధ్యలో ఆపరేషన్‌కి వెళ్లారు. అంతేకాదు, అమెరికాలో మామూలు జనానికి ఎమ్మారై తీసి 2008లో ప్రకటించిన లెక్కలో, కుదురు చిరిగినవాళ్లలో 61 శాతానికి ముందు నెలలో మోకాలు నొప్పే లేదు!

ఇవి చదివి ఆపరేషన్ మానేయమని నేననను. కాలు సగం వంగి అక్కడే తాళం పడినట్టు ఇరుక్కుపోయి చాచలేకపోతే, లేదా కుర్రవాళ్లకి ఆటలో దెబ్బతగిలి చిరిగితే, ఈ లెక్కలు వాళ్లవి కావు. అలాంటివాళ్లు మూడు నెలలు కూర్చోకూడదు, వెంటనే వెళ్లాలి. నాది ఆ రెంటిలో ఏదీ కాదు. అప్పుడప్పుడు నడుస్తుంటే లోపల ఏదో అడ్డంపడి, కాలు విదిలిస్తే వదులుతుంది. ఆపరేషన్‌లో చిరిగిన ముక్క కత్తిరిస్తే కొద్ది రోజుల్లో నడిపిస్తారట, కానీ కుదురు అంతమేరా పోయినట్టే. చిరుగుని కుడితే కుదురు మిగులుతుంది, కానీ వారాలపాటు ఊతకర్రలు, మోకాలు వంచడానికి లెక్కలు. నాది ఏదవుతుందో లోపల చూసేదాకా ఖాయంగా చెప్పలేమన్నారు. అందుకని స్నానాల గదిలో పట్టుకోడానికి రాడ్డు పెట్టించాం, మంచం కింది గదిలోకి మార్చాం. ఏది జరిగినా అవి పనికొస్తాయి.

ఏప్రిల్ మూడోవారం అంకెలు: మోకాలు 38, తొడ 44. లోపల అడ్డంపడిన ప్రతిసారీ పుస్తకంలో ఒక టిక్కు పెడుతున్నాను. మార్చిలో 17, ఈ నెల ఇప్పటికి 4. వచ్చే మంగళవారం రాజమండ్రి వెళ్తున్నాం. పుస్తకం ఆయన ముందు పెట్టి, కత్తిరిస్తారా, కుడతారా, లేక ఇంకో మూడు నెలలు టేపు కొలుచుకోమంటారా అని అడుగుతాను.